కార్ఖానా గోడకు ఆనించిన ఇళ్ళు

మా పాప ఫోన్‌లో ఊరు కట్టే ఆట ఆడుతోంది. ఇళ్ళన్నీ ఒక పక్కన పెట్టింది, ఫ్యాక్టరీలన్నీ నదికి అవతల. "గంత దూరమెందుకు పెట్టినవే?" అని అడిగాను.

"చప్పుడుంటే జనం ఉండరు పప్పా" అంది.

నీలం నగర్ దోస్తులారా, చిన్నప్పుడు అశోక్ చౌక్ కంప్యూటర్ సెంటర్‌లో మనం ఆడింది ఇలాంటి ఆటే, గుర్తుందా? మనం మాత్రం ప్రతి ఇంటినీ ఫ్యాక్టరీ గోడకే ఆనించి కట్టేవాళ్ళం. ఇల్లంటే మనకు తెలిసింది అదే కదా! ముందు గదిలో అమ్మల బీడీల చాటలు, వెనక రేకుల షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు, అన్నంలో కూడా నూలు పోగులు. కాసేపటికే, చప్పుడు భరించలేక జనం ఊరు విడిచిపోతున్నారని తెర మీద వచ్చేది. ఎందుకో మనకు ఒక్కసారీ అర్థం కాలేదు.

ఇంటికొచ్చి చెబితే మా నాయిన పడీపడీ నవ్వాడు. "మగ్గాల చప్పుడుకు ఎవలన్న ఇల్లిడిసి పోతరార?"

నిజమే, ఎవరూ పోలేదు. చప్పుడు ఆగిపోయాకే మన గల్లీ ఖాళీ అయింది. మా మగ్గాలు తుక్కు కింద పోయాయి. మరుసటి ఏడాది నాయినా పోయాడు.

"నాయినమ్మ ఎప్పుడూ ఎందుకు అరుస్తది?" అని పాప అడుగుతుంటుంది. మగ్గాల అవతలున్న నాయినకు వినబడాలని జీవితమంతా అలా పిలిచింది మరి. ఇందాక నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. అయినా, మా ఇద్దరి మధ్యా మగ్గాలు ఆడుతున్నట్టే కేకేసింది.

"చాయ్ సల్లారుతుందిరా!"