లేడీ ఎస్తేరు రాణి గారి కోట

మా అహరోను మామకి ఒక్కటే పిచ్చి. తన భార్య ఎస్తేరు రాణి స్కాట్లండులో ఒక కోటకి వారసురాలని. స్టీమరు కెప్టెన్‌గా రంగూను వచ్చిన ఆవిడ ముత్తాత, గ్లెనారిక్ ప్రభువుల బిడ్డట. ఇప్పటి ప్రభువు ముసలాడు, పిల్లల్లేరు. ఆయన కన్నుమూయడమే తరువాయి, బిరుదు తిన్నగా రంగూనులో మా పేటకి, చిమిండైంగ్‌కి వచ్చేస్తుంది.

వానాకాలం సాయంత్రాలు జల్లులో నది అవతలి ఒడ్డు కరిగిపోయేది. మామ గుమ్మంలో కుర్చీ వేసుకుని కళ్లు అరమోడ్చేవాడు.

"సుశాంతూ, అదిగో బురుజు. అగుపడతందా?"

"అది బియ్యం పడవ మామా."

"నీకు రాజదృష్టి లేదురా."

కాసేపు చూస్తే నాకూ అది బురుజులాగే తోచేది.

బజారులో చేపల అచ్చెన్న, "లేడీగారికి తలకాయ, ప్రభువుగారికి తోక!" అని అరిచేవాడు. మామ ఆ తోకని దర్జాగా ఇంటికి మోసుకొచ్చేవాడు.

మొన్న ఫోనులో వార్త చూశాను. గ్లెనారిక్ ప్రభువు పోయాడు. బిరుదు ఆయన తమ్ముడి మనవడికి వెళ్లింది. బిక్కుబిక్కుమంటూ మామకి చెప్పాను.

"అమ్మయ్య!" అన్నాడు మామ.

"రాజ్యం పోతే అమ్మయ్యేటి మామా?"

మామ గొంతు తగ్గించాడు. "రాజ్యమేటిరా! ఆ కెప్టెన్ మీ అత్త ముత్తవ్వని పెళ్లాడకుండానే ఓడెక్కి పోనాడు. మీ అత్తని చిన్నప్పట్నుంచీ 'పేరు లేని ఇంటిది' అనీవోరు. మా పెళ్లి విందులోనూ ఎవడో అన్నాడు. అది తలొంచుకుని ఏడ్సింది. నేను లేచి, 'మాయావిడ గ్లెనారిక్ ప్రభువుల పిల్ల' అనీసేను. అందరూ పడీపడీ నవ్వేరు, నన్ను సూసి. దాని ఊసు మర్సిపోనారు."

"మరి ఆ గ్లెనారిక్?"

"బల్ల మీద విస్కీ సీసా ఉంటే, దాని మీద సదివేను. నిజంగా అలాటి ప్రభువున్నాడని తరవాత తెల్సింది. ఎవడొచ్చి రుజువులడుగుతాడోనని ఇన్నాళ్లూ బయ్యంగా ఉండీది."

"రేపు జనానికి ఏటి సెప్తావు మామా?"

లోపల అత్త గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

ఆదివారం చర్చి మెట్ల మీద మా వీధి మంగరాజు అడగనే అడిగాడు. "ఏటి ప్రభువుగారూ, కోట పోనాదంట?"

మామ నోరు తెరిచేలోపే అత్త ముందుకొచ్చింది.

"పోలేదు. నేనే ఇచ్చీసేను. ఆ పిల్లోడు ముచ్చట పడ్డాడు. అంత చలిలో నాకెందుకు బాబూ?"

మెట్లన్నీ నవ్వాయి. అందరికంటే గట్టిగా అత్తే నవ్వింది.

అత్త మామ చొక్కా కాలరు సర్ది, గొడుగు విప్పి, చెయ్యి పట్టుకుని జల్లులోకి నడిపించుకుపోయింది.