బుచ్చయ్యపేట చేలో నా పాట

దెయ్యాలు, గాలి సోకడాలు, కలలో కనబడి చెప్పడాలు ఇవేవీ నేను ఏనాడూ నమ్మలేదు. ప్రార్థన చేసుకునే ఇంట్లోనే పుట్టాను గానీ, మా సంఘంలో ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతుంటే అందులో సగం తీసేసి వినేదాన్ని. ప్రైమరీ స్కూల్లో టీచర్ని. పిల్లలు చెప్పే కబుర్లలో ఏది నిజమో, ఏది అల్లిందో పట్టుకోవడం నాకు అలవాటు. అలాంటి నాకే ఇది జరిగింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒకచోట కూర్చోలేను, లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను.

రెండేళ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో నా గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నాను. స్కూళ్లు తెరిచి నెలయినా తగ్గలేదు. ఎక్కాలు చెప్పిస్తుంటే మధ్యలో మాట ఆగిపోయేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే పై స్వరానికి వెళ్లేసరికి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. పన్నెండేళ్ల వయసు నుంచి చోడవరంలో మా చర్చిలో పాట మొదలుపెట్టేది నేనే.

విశాఖపట్నంలో డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం దించి కంప్యూటరులో చూపించారు. స్వరపేటిక మీద శనగగింజంత గడ్డ. ఆపరేషన్ చేసి తీయాల్సిందే, తీశాక పరీక్షకు పంపాల్సిందే అన్నారు. పాత గొంతు వస్తుందా అని అడిగాను. మాట వస్తుంది, పాట సంగతి హామీ ఇవ్వలేనని చెప్పారు. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు అన్నారు.

స్కూలుకి సెలవు పెట్టాను. ఒక పలక తెచ్చుకున్నాను. ఏం కావాలన్నా దాని మీదే రాయడం. ప్రార్థన కూడా పలక మీదే. రోజూ పొద్దున్న వంటగదిలో మోకరించి ‘ప్రభువా, నా గొంతు నాకు ఉంచు’ అని రాసేదాన్ని. తర్వాత తుడిచేదాన్ని. మళ్లీ రాసేదాన్ని.

మా అక్క రూతమ్మది బుచ్చయ్యపేట, చోడవరం నుంచి ఆటోలో అరగంట. అక్కావాళ్లకి ఊరి బయట ఎకరం వరి చేను ఉంది. ఆపరేషన్ గురువారమనగా, ముందు ఆదివారం నన్ను చూడటానికి వచ్చింది. నా గొంతు కోసం గట్టిగా ప్రార్థన చెయ్యమని పలక మీద రాసి చూపించాను.

‘చేస్తన్నానే’ అంది అక్క. ‘నువ్వు చేసేదే పార్దన కాదు. దేవుడికి ఆర్డరేస్తన్నావు నువ్వు. ఇలగ చెయ్యి, అలగ చెయ్యి అని. ఒకపాలి నీ ఇష్టమయ్యా అని ఇచ్చీసి సూడు.’

నాకు ఒళ్లు మండిపోయింది. ‘నీ గొంతయితే ఇచ్చేస్తావా?’ అని పలక నిండా పెద్ద అక్షరాలతో రాసి మొహం ముందు పెట్టాను. అక్క చదివి లేచింది. వండిన కూర అలాగే ఉండగా, భోజనం చెయ్యకుండానే వెళ్లిపోయింది.

మంగళవారం. మా ఆయన అనకాపల్లిలో ఆఫీసుకి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే. రాత్రి నుంచి పడుతున్న వాన అప్పుడే ఆగింది. వంటగదిలో మోకరించి, రోజూ రాసే మాటే రాయబోయాను. ‘ప్రభువా, నా’ వరకు వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆ ‘నా’ అన్న అక్షరం మీదే నా కళ్లు నిలిచిపోయాయి. పన్నెండు రోజులుగా నేను అడుగుతున్నదంతా అదేనని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. శబ్దం రాకుండా ఏడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. చివరికి దాన్ని వేలితో తుడిచేసి, ‘నీ ఇష్టం. తీసుకుంటే తీసుకో’ అని రాశాను. నిజంగానే రాశాను. ఉంచుతాడులే అన్న ఆశతో కాదు.

కళ్లు మూసుకున్నాను. మా నాన్న పాట గుర్తొచ్చింది. నాన్న చెరకు రైతు. బెల్లం వండేటప్పుడు పెనం పక్కన నిలబడి తనే కట్టుకున్న పాట.

చెరకునయ్యా నేను, నన్ను పిండుకోవయ్యా
తీపి నీది తండ్రీ, పిప్పి నాది

ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. నాన్నకి సిగ్గు, చర్చిలో ఎప్పుడూ పాడలేదు. అక్కకీ నాకూ తప్ప ఎవరికీ రాదు. అది మొదటి నుంచి చివరి వరకు నా మనసులో నడిచింది. పెదవి కదపలేదు. నన్ను నేను మోసం చేసుకోలేదని ఖచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే రెండు పెదవుల మధ్య చీర కొంగు కరిచిపట్టుకుని ఉన్నాను. పాట అయిపోయేసరికి మా వీధి చివర స్కూల్లో ఇంటర్వెల్ గంట కొట్టారు. పదీ నలభై.

లేచేసరికి ఎంత తేలికగా ఉందంటే, పిచ్చి సంతోషం. ఇల్లంతా తిరిగాను. ఎవరికైనా చెబుదామంటే నోరు తెరవకూడదు!

అప్పుడే ఫోను మోగింది. అక్క. నేను మాట్లాడలేనని తెలిసి కూడా ఫోనెందుకు చేస్తుంది? ఎత్తాను.

‘ఒసే ఎస్తేరూ! ఎక్కడున్నావే? డాక్టరు వద్దన్నాడు గదా, ఎందుకే పాడతన్నావు? గొంతు పోతాదే నీకు!’

ఏమీ అర్థం కాలేదు. జవాబు చెప్పలేక ఫోను పెట్టేశాను. మళ్లీ మోగింది. ఎత్తినా ఏం చెప్పగలను? ఆరుసార్లు చేసింది. ఆ కాల్స్ లిస్టు మా ఆయన ఫొటో తీసి ఉంచారు. మొదటిది పదీ నలభై నాలుగు.

పన్నెండు కాకముందే ఆటో దిగింది అక్క. మోకాళ్ల దాకా బురద, నడుముకి బిగించిన చీర అలాగే ఉంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

‘నువ్వు ఇంట్లోనే ఉన్నావేటే?’

తలూపాను.

‘మరి మా చేలో పాడింది ఎవులే?’

చేలో ఊడుపులవుతున్నాయి. అక్కతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లు వరుసగా వంగి నారు నాటుతున్నారు. పక్కనున్న చెరకు తోటలోంచి పాట వినబడింది. అక్క తలెత్తింది. తనకి తెలిసిన పాట, నేను సాగదీసినట్టే సాగదీస్తూ. ఆదివారం గొడవకి నేను దిగొచ్చి, చెప్పకుండా వచ్చేశాననుకుంది. గట్టెక్కి పేరు పెట్టి పిలిచింది. పాట ఆగలేదు. అందరికంటే పెద్దది అప్పాయమ్మ, ‘ఎవులమ్మా, ఇవతలికి రా’ అంటూ చెరకు సాళ్లలోకి దూరింది. ముందుకెళ్తే పాట ముందుకి జరిగినట్టుండేదట. చివరి మాట దాకా పాడి ఆగింది. తోటలో మనిషి లేదు. తడి నేల మీద అప్పాయమ్మ అడుగులు తప్ప వేరే అడుగులు లేవు. పాట ఆగగానే అక్క గట్టు మీంచే నాకు ఫోను చేసింది.

అక్క అరుస్తోంది, ఏడుస్తోంది, నవ్వుతోంది. నేను పలక మీద రాస్తున్నాను, తొందరకి సుద్దముక్క విరిగిపోతోంది. ‘ఎన్ని గంటలకి?’ ‘ఏ పాట?’ ‘పూర్తిగానా?’ రాయడం ఆలస్యమై అక్క నా చేతిలోంచి పలక లాక్కుని, ‘నువ్వు రాసీలోగా నా పేనం పోతాదే!’ అంది. ఇద్దరం వంటగదిలో నేల మీద కూలబడి, ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. నేను శబ్దం లేకుండా.

మా ఆయన నాకంటే అనుమానపు మనిషి. మైకులో వచ్చి ఉంటుంది, ఎవరి ఫోనో మోగి ఉంటుంది అన్నారు. ఆ పాట రికార్డయ్యిందే లేదు కదా అని పలక మీద రాశాను. అయితే అక్కే ఎప్పుడో చేలో పాడి ఉంటుందన్నారు. నాన్న పోయాక ఆ పాట ఎత్తుకుంటే ఏడుపొస్తుందని అక్క ఒక్కసారి కూడా పాడలేదు. మరుసటి రోజు మా ఆయన సెలవు పెట్టి బుచ్చయ్యపేట వెళ్లారు. అక్క కాక మిగతా పదిమంది ఆడవాళ్లను విడివిడిగా అడిగారు. అందులో ఒక్కరు కూడా చర్చి గడప తొక్కినవాళ్లు కారు. ముగ్గురు మాత్రం మాటలు గుర్తులేవన్నారు. మిగతావాళ్లు ‘తీపి నీది, పిప్పి నాది’ అని చెప్పారట.

గురువారం ఆపరేషన్ అయింది. గడ్డ ప్రమాదమైనది కాదని తేలింది. ఆరో వారానికి మాట వచ్చింది. పాడబోతే పాత గొంతు లేదు. సన్నగా పైకి వెళ్లే నా గొంతు పోయి, లావుగా, కిందుగా, కొంచెం గరగరగా వేరే గొంతు వచ్చింది. ఏడవలేదు. ఇచ్చేశాను కదా.

మొదటిసారి అక్క ఇంట్లోనే పాడాను. నాన్న పాటే. రెండో పంక్తికే అక్క గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

‘ఒసే, ఇదేనే. ఆ రోజు ఇదే గొంతు.’

ఏం చెబుతున్నావని అడిగాను. ఆ రోజు చేలో వినబడింది నా పాత గొంతు కాదట. పాట తీరు నాదే గానీ గొంతు లావుగా, కిందుగా ఉందట. అందుకే నేను పాడి గొంతు పాడుచేసుకుంటున్నానని కంగారుపడి ఫోను చేసింది.

‘మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?’

‘ఎలగ సెప్తానే? రెండు రోజుల్లో ఆపరేషను. నీ గొంతు ఇలగయిపోతాదని నా నోటితో నాను సెప్తానేటే?’

మాకు నమ్మకం చాలలేదు. అప్పాయమ్మను పిలిపించాం. ఎందుకో చెప్పలేదు. అక్క నన్ను పెరట్లో కూర్చోబెట్టి, ఆమెను వీధి అరుగు మీద కూర్చోబెట్టింది. నేను పాట ఎత్తుకున్నాను. ఆమె ఇంట్లోంచి పెరట్లోకి పరుగెత్తుకొచ్చి నా గడ్డం పట్టుకుంది.

‘నువ్వేనేటమ్మా? ఆ రోజు ఆ సెరుకంతా ఎతికించీసినావు గదే నన్ను!’

చేలో పాట వినబడిన రోజుకి ఇంకా డాక్టరు కత్తి నా గొంతుని తాకనే లేదు. రాబోయే గొంతు రెండు రోజుల ముందే, అంత దూరంలో, చెరకు తోటలో ఎలా పాడింది? పాస్టరు గారిని అడిగాను. దేవుడికి స్తోత్రం అన్నారు, అంతకంటే తనకీ తెలియదన్నారు. ఆ మాట నాకు నచ్చింది. డాక్టరు గారికి చెబితే మర్యాదగా నవ్వారు. నేను టీచర్ని, కారణం చెప్పకుండా ఏ పాఠమూ ముగించను. దీనికి మాత్రం నా దగ్గర కారణం లేదు.

ఇప్పుడు చర్చిలో పాట ఎత్తుకునేది వేరే అమ్మాయి. నేను వెనక వరుసలో నిలబడి నా కింది గొంతుతో కలుపుతాను. ఒక్కటే నన్ను తినేస్తుంది. ఆ రోజు ఆ పాట పదకొండు మంది విన్నారు. నేనే వినలేదు.