తమ్ముడి పేరు

కంగారొచ్చినా, సంబరమొచ్చినా బురుల్చా చేతిలోని సూదిని తలగుడ్డలో గుచ్చుకునేది. ఆ రోజు అప్పటికే మూడు గుచ్చుకుంది. కొచ్కోర్ అనే కొండ ఊళ్ళో ఆమె కుట్టే ఉన్ని తివాచీలను అమ్మే వెబ్‌సైట్‌కు తమ్ముడి పేరే పెట్టుకుంది, తుర్సున్ అని. అతనికి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ పురిట్లోనే పోతే, వీడైనా నిలవాలి అని తల్లి పెట్టిన పేరది; వాళ్ళ భాషలో తుర్సున్ అంటే 'నిలవాలి' అనే. నలభై ఏళ్ళు నిలిచాడు. అక్కకోసం ఆ వెబ్‌సైట్ తయారుచేసి, కిందటి శీతాకాలం చనిపోయాడు. ఆ వెబ్‌సైట్ పేరు గడువు ఆ సాయంత్రంతో తీరుతుంది. పొడిగించకపోతే రేపెవరైనా దాన్ని తీసేసుకోవచ్చు. అలాంటి పేర్లను నమోదుచేసే పాత రిజిస్ట్రారేమో వ్యాపారం మానేసి, ఇంకొకరిని చూసుకోమన్నాడు.

రంగంటిన వేళ్ళతో ఆమె ఒక్కొక్క రిజిస్ట్రార్‌కూ ఫోన్ చేసి, ఉన్ని నాణ్యం చూసినట్టు మనిషి గొంతు చూసింది. అందరికీ ఒకటే ప్రశ్న. "ఎవరైనా ఎక్కువిస్తానంటే మావాడి పేరు అమ్మేస్తారా?" మొదటివాడు నవ్వాడు. రెండోవాడు షరతులు చదివాడు. మూడోచోట ఐజిరెక్ అనే ఆవిడ, "మీరు వదిలితే తప్ప ఎక్కడికీ పోదక్కా. ఎన్నేళ్ళకు రాయను? పదేళ్ళదాకా కుదురుతుంది," అంది.

"పదేళ్ళు నేనుంటానో లేదో!"

"మీకు నేను హామీ ఇవ్వలేనక్కా. ఈ పేరుకైతే ఇస్తాను."

బురుల్చా పకపకా నవ్వింది. "నోరు గట్టిదేనే నీది! రాయి, పదికే రాయి!"

మీటలు టకటకలాడాయి. "అయిపోయిందక్కా. ఇంక పదేళ్ళు తుర్సున్!" అంది ఐజిరెక్, పేరుగా కాక, నిలవాలని ఎవరైనా అనే మామూలు మాటగానే.

బురుల్చా నాలుగో సూదికోసం తడుముకుంటూ ఆగిపోయింది.

"ఏమన్నావమ్మా? మళ్ళీ ఒక్కసారి అను."