సలేశ్వరం దారిలో విడిచిన చేయి

మొన్న ఉప్పునుంతల అంగట్లో ఒకామె గోనెపట్టా మీద పోసుకుని అమ్ముతున్న ఎండు ఇప్పపూల వాసనకు నా కాళ్లు టక్కున ఆగిపోయాయి. నాకు పదేళ్లప్పుడు, చైత్రమాసపు ఎండల్లో, మా నాయిన మమ్మల్ని సలేశ్వరం జాతరకు తీసుకెళ్లినప్పటి నల్లమల అంతా అదే వాసన.

ట్రాక్టరులో వరిగడ్డి పరిచి, జొన్నరొట్టెలు, పల్లికారం, పులిహోర, రెండు బిందెల నీళ్లు పెట్టుకుని వాడకట్టంతా కదిలింది. సాయంత్రానికి అడవిలో దిగి, మూడు రాళ్ల పొయ్యి మీద పప్పుచారు కాచుకుని, టేకాకుల మీద గొంగళ్లు వేసుకుని పడుకున్నాం. తెల్లవారకముందే నడక మొదలు. ఒక పక్క కొండచరియ, ఇంకో పక్క చూస్తే కళ్లు తిరిగే లోయ, మధ్యలో మనిషి పట్టేంత దారి. లోయలోని గుడికి దిగేవాళ్లు "వస్తున్నం లింగమయ్యో" అని, తిరిగి ఎక్కేవాళ్లు "పోతున్నం లింగమయ్యో" అని కేకలు వేస్తూ ఒరుసుకుంటూ పోవాలి. ఆరేళ్ల మా చెల్లెకు నాయినమ్మ ఒకే జాగ్రత్త చెప్పింది: "వస్తున్నం అనేటోళ్ల ఎంబడి వో బిడ్డా, తప్పిపోవు." తిరిగి వచ్చేటప్పటి సంగతి ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

కొండ నెత్తి నుంచి సన్నగా జారే నీళ్లు దోసిళ్లతో తాగి, చెంచు పూజారి ఇచ్చిన విభూతి పెట్టుకుని వెనుదిరిగాం. చెల్లెను నాకు అప్పజెప్పి, నాయిన నాయినమ్మను పట్టుకుని ముందు ఎక్కుతున్నాడు. ఎండకు బండలు కాలుతున్నాయి. చెల్లె అడుగడుక్కీ కూలబడేది. నాకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువే. విసుగొచ్చి దాని చెమట చేతిని విదిలించుకుని నాలుగడుగులు ముందుకు పోయాను. తిరిగి చూస్తే అది లేదు.

లోయలోకి చూసే ధైర్యం నాకు చాలలేదు. నాయిన నాయినమ్మతో వెనక్కి దిగి వచ్చి అడిగితే "అదే నా చెయ్యి ఇడిసింది" అన్నాను. ఆయన అంచు దాకా వంగి వంగి చూస్తూ పేరు పెట్టి పిలిచాడు. అన్ని గొంతుల్లో ఆ పిలుపు ఎవరికి వినబడుతుంది? అంతలో ఒక గుంపు "వస్తున్నం" అంటూ మా పక్క నుంచి దిగిపోయింది. నాయినమ్మ నెత్తి కొట్టుకుంది.

"నేను జెప్పిన మాటే ఇన్నది రా. మల్ల కిందికే వొయింది."

నాయిన జనాన్ని తోసుకుంటూ ఉరికాడు. ఆయన కనబడేదాకా నేను మొక్కని దేవుడు లేడు. పొద్దు వాలుతుండగా చెల్లెను భుజాన వేసుకుని వచ్చాడు. గుడి ముందర ఎవరో ఇచ్చిన కొబ్బరిముక్క తింటూ కూర్చుందట. కిందికి దించీ దించగానే, అక్క చేయి ఎందుకు విడిచావంటూ దాని వీపు మీద రెండు వేశాడు. అది ఏడ్చింది గానీ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఇప్పుడు జాతరకు జనం కార్లలో పోయి ఫొటోలు తీసుకుని వస్తున్నారు. మా వాడకట్టులో ట్రాక్టరు కట్టేవాళ్లు లేరు, గొంగళ్లు లేవు. నాయినమ్మ ఎప్పుడో పోయింది. నిరుడు నాయిన కూడా పోయాడు, నా అబద్ధాన్ని నమ్మే పోయాడు. మొన్న అంగట్లోంచే వనపర్తిలో ఉన్న చెల్లెకు ఫోన్ చేసి, ఆ రోజు చేయి విడిచింది నేనేనని చెప్పేశాను.

"నాకెరికే అక్కా," అంది. "జెప్తే నాయిన నిన్ను గొడ్తుండె గద."