పదో తరగతి దాకా వచ్చే బ్యాగు

బడి తెరిచిన వారంలో మా అమ్మాయికి ఏడో తరగతి యూనిఫాం కొలతలు తీస్తూ టైలరు టేపు రెండుసార్లు వేసి చూశాడు. కుడి భుజం కిందికి ఉందమ్మా అన్నాడు. రేపు చొక్కా వంకరగా కుట్టడానికి ఇప్పుడే సాకు వెతుక్కుంటున్నాడనుకున్నాను. నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఇంటికొచ్చి పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి చూస్తే, అతను చెప్పింది నిజమే. ఇది బడి బ్యాగు బరువు వల్లేననుకున్నాను.

అప్పటినుంచి దాని బ్యాగు మీద కన్నేశాను. పిల్ల స్నానానికి వెళ్లగానే జిప్పు తీసి అడుగుదాకా తోడాను. ఎవరి పుస్తకాలో మోస్తోందని ఒక అనుమానం, ఏవో దాస్తోందని ఇంకొకటి. టైంటేబుల్లో ఉన్నవే ఉన్నాయి. అయితే తప్పు బడిదే అనుకుని వెళ్లి టీచరుతో గొడవపడ్డాను. ఆవిడ బీరువా తెరిచి, సగం నోట్సులు ఇక్కడే ఉంచుతున్నాం చూడండి అంది. నేనొస్తున్నానని తెలిసి సర్దారేమో అనుకుంటూనే శ్రీకాకుళం వీధులన్నీ దాటి ఇంటికొచ్చాను.

ఆ మర్నాడే మా అమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డునుండే మా ఊరి నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి ఊరూరా అమ్మిన మనిషి. పొద్దున్న పిల్ల ఆటో కోసం బయల్దేరుతుంటే ఆపి, బ్యాగు రెండు భుజాలకూ తగిలించి, వెనక్కి తిప్పి చూసింది. బ్యాగు నడుం దాటి తొడల మీదికి వేలాడుతోంది. పట్టీలు ఎంత బిగించినా భుజాల మీంచి జారిపోతున్నాయి.

"బరువు కాదే, సంచే తప్పు," అంది. "తట్టయినా మనిషికి తగ్గట్టుండాల. నా తట్ట తీసి సిన్నపిల్ల నెత్తినెట్టేస్తే మెడ నిలుస్తాదేటి? ఇది ఎవులు కొన్నారు?"

నేనే కొన్నాను. గౌన్లూ చెప్పులూ ఒక సైజు పెద్దవి కొన్నట్టే, పదో తరగతి దాకా వస్తుందని నిరుడు కొన్నాను. మా ఇళ్లలో పిల్లలకు సరిపోయేది కొనడం తెలియదు, ఎదిగాక సరిపోయేదే కొంటాం.

రెండు పట్టీలూ వేసుకుంటే వెనక్కి లాగేస్తోందనీ, నడుస్తుంటే కాళ్లకు కొట్టుకుంటోందనీ, అందుకే ఒక్క భుజానికే తగిలించుకుంటున్నాననీ పిల్ల అమ్మమ్మతో చెప్పింది. నాకు రోషం వచ్చింది. ఈ మాట నాకెందుకు చెప్పలేదని గద్దించాను.

"సెప్పేనమ్మా," అంది నెమ్మదిగా. "కొత్త బ్యాగు కోసం నాటకాలాడతన్నావన్నావు."

అన్నాను. నాకు గుర్తుంది. వీపు నొప్పి అని అది నా వెనకాల నిలబడి ఏడుస్తుంటే, పొయ్యి మీద కూర కలుపుతూ అన్నాను. అబద్ధమో నిజమో చూడ్డానికైనా ఆ వీపు మీద చెయ్యి వెయ్యలేదు.