మామ పేరు ముందు మూడు అంకెలు

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఉండగా మా తమ్ముని కూతురు కోయంబత్తూరు నుంచి ఫోన్ చేసి, మా వంశావళి పుస్తకాన్ని అందరూ ఫోన్లో చూసుకునేలా మారుస్తున్నానని, ఇరవైమూడేళ్ళ కిందట నేను కూర్చిన ఫైలునే వాడుకుంటున్నానని, అంతా బాగానే ఉంది గాని ఒక్క పేరు మాత్రం మాట వినడం లేదని చెప్పింది. బతికి ఉన్నవాళ్ళ పేర్లకు వేసిన ఎరుపు కాస్త ముదురుగా ఉందని ఫైలు మొదట్లో ఒకచోట ఆ రంగు మార్చిందట. మార్చగానే నాలుగు వందల పదకొండు పేర్లూ కొత్త రంగులోకి వచ్చాయట. అరవైనాలుగో పేజీలో ఒక్క పేరు మాత్రం పాత ఎరుపులోనే నిలిచిపోయిందట.

"నువ్వు కూడా తప్పు చేసినావా అత్తా?" అని నవ్వింది.

అది తప్పు కాదమ్మా, సాయంత్రం చెప్తానని ఫోన్ పెట్టేశాను. సాయంత్రానికీ ఎలా చెప్పాలో తెలియక, నా ఈడువాళ్ళకైనా అర్థమవుతుందేమోనని ఇలా కాగితం ముందు కూర్చున్నాను.

తమిళనాట మా రాజపాళయంలో పెద్ద కుటుంబాలు చాలావాటికి ఇలాంటి వంశావళి ఒకటి ఉంటుంది. మాది అట్ట చినిగి గుడ్డతో కుట్టించిన ఒక పొడుగు నోటుబుక్కు. తాత కాలం నుంచి అందులో ఒక పద్ధతి ఉంది. పుట్టినవాళ్ళ పేరూ, కోడలిగా అల్లుడిగా వచ్చినవాళ్ళ పేరూ ఎర్ర సిరాతో ఎక్కిస్తారు. ఎవరైనా పోతే, పదహారో రోజు చుట్టాలు భోంచేసి లేచాక, ఇంటి పెద్ద ఆ నోటుబుక్కు తెప్పించి, ఆ ఎర్ర అక్షరాల మీదనే నల్ల సిరాతో మెల్లగా దిద్దుతాడు. ఎంత జాగ్రత్తగా దిద్దినా అంచుల్లో ఎరుపు కొంచెం మిగులుతుంది. చిన్నప్పుడు నేను ఆ మిగిలిన ఎరుపును వేలితో తడుముతూ ఎందరు ఎరుపు, ఎందరు నలుపు అని లెక్కపెట్టేదాన్ని. నాకు ఏది కనిపించినా లెక్కపెట్టడం అలవాటు.

ఆ అలవాటు చేసింది మా మామ, అంటే మా నాన్నకు అక్క అయిన మా మేనత్త భర్త. ఆయన పత్తి బేరం చేసేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా జేబులోంచి గుప్పెడు పత్తి గింజలు తీసి నేలమీద పోసి, నన్ను ఐదేసి గింజల కుప్పలు పెట్టమనేవాడు. ఒక గింజ మిగిలితే అది నీది అనేవాడు. నాకు ఐదేళ్ళప్పుడు, పత్తి చూసి రావాలని మధురై బస్సెక్కినవాడు తిరిగి రాలేదు. వెతకని ఊరు లేదు, అడగని మనిషి లేడు. చచ్చినాడన్న కబురూ రాలేదు, ఉన్నాడన్న కబురూ రాలేదు.

అత్తకు అప్పుడు ముప్ఫైతొమ్మిది. పన్నెండేళ్ళు చూసి దర్భతో బొమ్మ చేసి కర్మ జరిపించాలని పెద్దలు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. రోజూ తలంటుకున్నట్టు శుభ్రంగా తయారై, పావలా అంత కుంకుమ పెట్టుకుని తిరిగేది. తాత కూడా నోటుబుక్కులో అల్లుడి పేరు జోలికి పోలేదు. కూతురు చెప్పనిది నా చేతితో నలుపు చేయనని అన్నాడట. అందుకని ఊళ్ళో పెళ్ళిళ్ళకు హారతి పట్టడానికి అత్తను పిలుస్తూనే ఉండేవారు. కొందరు మనస్ఫూర్తిగా, కొందరు గుసగుసలతో.

నేను ప్లస్ టూతో చదువు ఆపి నూలు మిల్లులో పరీక్ష గదిలో చేరాను. నూట ఇరవై గజాల నూలు చుట్టి, తూచి, కౌంట్ కట్టడం, అంటే నూలు ఎంత సన్నమో అంకెలో చెప్పడం నా పని. తెలుగు అక్షరాలూ, కంప్యూటరూ రెండూ ఎవరూ నేర్పకుండా ఆ రోజుల్లోనే పట్టుకున్నాను. అక్షరాలు కూర్చే ఒక ప్రోగ్రాం ఉండేది. ఇప్పటిలాగా వేలు పెట్టి రంగు తాకితే సరిపోయేది కాదు. ఏ మాట ఏ రంగులో రావాలో ఆ మాట ముందు ఆజ్ఞ రాయాలి. రంగంటే అందులో మూడు అంకెలు, ఎరుపెంత, పచ్చ ఎంత, నీలమెంత అని, ఒక్కొక్కటీ సున్నా నుంచి ఒకటి లోపల. మా కుంకుమ ఎరుపు కోసం వారం రోజులు తిప్పలుపడి చివరికి సున్నా పాయింట్ ఆరు, సున్నా, సున్నా దగ్గర ఆగాను. రంగును కూడా కౌంట్ లాగా అంకెలో పట్టుకోవచ్చునని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాలేదు.

నోటుబుక్కు చెదలు పట్టేలోగా అచ్చు వేసి ఇంటింటికీ ఇద్దామని పెద్దనాన్న అనుకున్నప్పుడు, ఆ పని సహజంగానే నా మీద పడింది. ఫైలు మొదట్లో నేను రెండు మాటలు కల్పించుకున్నాను, 'ఉన్న' అని ఒకటి, 'పోయిన' అని ఒకటి. పేరు ముందు 'ఉన్న' అని రాస్తే ఎరుపు, 'పోయిన' అని రాస్తే నలుపు. ఇకమీద ఎవరు పోయినా పదహారో రోజు ఒక్క మాట మారిస్తే చాలు. చావడిలో పెద్దలందరి ముందు ఇది వివరించి చెప్పినప్పుడు తలలూపారు. ఆ తర్వాత పెద్దనాన్న గొంతు సవరించుకుని, అచ్చు వేసేటప్పుడైనా ఆ ఒక్క పేరు తేల్చేయాలి, ఇరవై ఎనిమిదేళ్ళయింది, నలుపు చేసేయమ్మా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలి కోసం అందరికంటే ఎక్కువ ఊళ్ళు తిరిగినవాడు ఆయనే.

నోటుబుక్కు ఒక్క పెట్టెలో ఉండేది, పుస్తకం రెండు వందల ఇళ్ళకు పోతుంది. నలుపు పడితే మరునాటి నుంచి అత్త ఏ పందిట్లోనూ ముందు వరసలో నిలబడడానికి ఉండదు. ఇది నాకు తెలుసు, అందరికీ తెలుసు.

లెక్కల మనిషిని గనుక నేను మధ్య దారి వెతికాను. ఆ ప్రోగ్రాంలో రెండు రంగులను నూటికి ఇన్ని పాళ్ళని కలపవచ్చు. ఎరుపు యాభై, నలుపు యాభై వేశాను. ఊళ్ళో రంగు ప్రింటర్ ఉన్న ఒకే ఒక కొట్టుకు పోయి ఆ పేజీ తీయించి, అత్త దగ్గరికి తీసుకుపోయాను. ఆమె వాకిట్లో మామిడికాయలు కోసి ఎండబెడుతోంది. చేతులు తుడుచుకుని, కాగితం వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదేం రంగమ్మా, ఎండిపోయిన నెత్తురు మాదిరి ఉండాది."

పెద్దనాన్న చెప్పినదీ, నేను చేసినదీ చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నీ లెక్కలో సగం ఉంటుందేమో. మనిషి సగం ఎట్ల ఉంటాడు? వస్తాడని నేను చెప్పలే. పోయినాడని చెప్పేదానికి నేను చూడలే, అంతే. చూడనిది ఎట్ల రాస్తావు నువ్వు?"

కాగితం మడిచి నా చేతికిచ్చి, ఒక మామిడి ముక్క కూడా చేతిలో పెట్టి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఫైలు తెరిచి ఆ పేరు ముందు కూర్చున్నాను. 'పోయిన' అని రాయలేను. 'ఉన్న' అని రాయడానికీ చేయి రాలేదు. నేనూ చూడలేదు గదా. చివరికి ఆ రెండు మాటలూ వదిలిపెట్టి, రంగును మాత్రం అంకెల్లో రాశాను, సున్నా పాయింట్ ఆరు, సున్నా, సున్నా. ఆ అంకెలు ఏమీ చెప్పవు. అది ఎరుపు, అంతే. మా మేనకోడలు ఫైలు మొదట్లో రంగు మార్చినా ఆ పేరు మారకపోవడానికి కారణం ఇదే. అది ఆ గుంపులో లేదు.

ఇక్కడి దాకా నా మనసుకు బరువు లేదు. బరువంతా తర్వాత చేసినదే. పెద్దలకు చూపించే నమూనా నూట పన్నెండు పేజీలూ మిల్లు ఆఫీసులోని నల్ల ప్రింటర్‌లోనే తీశాను. రంగును నలుపు తెలుపుల్లోకి దించేటప్పుడు ఎరుపుకు నూటికి ముప్ఫై పాళ్ళే వెలుగు కడతారు. ఆ లెక్కన సున్నా పాయింట్ ఆరు ఎరుపుకు వెలుగు పద్దెనిమిది పాళ్ళే, మిగతా ఎనభైరెండు పాళ్ళూ నలుపుగా దిగుతుంది. చిన్న అక్షరాల్లో కంటికి తేడా తెలియదు. ఇది నేను ముందే కట్టి చూసుకున్నాను. పెద్దనాన్న కళ్ళద్దాలు పెట్టుకుని అరవైనాలుగో పేజీ తీసి, మామ పేరు మీద వేలు పెట్టి, ఇది నలుపే గదమ్మా అని అడిగినాడు. ఈ కాగితంలో నలుపే పెద్దనాన్నా అన్నాను. ఆయన సంతకం పెట్టాడు.

కులదేవత పూజ నాడు రంగుల్లో అచ్చయిన పుస్తకాలు పంచారు. అత్త తన కాపీ తెరిచి, చూసి, మూసి, కొంగుతో అట్ట తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దనాన్న కూడా చూశాడు. అందరూ భోజనాలకు లేచాక నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా ఒక్క మాట అన్నాడు.

"నీ లెక్క తప్పదనుకున్నానే అమ్మా."

తర్వాత ఆరేళ్ళు బతికాడు, నాతో బాగానే మాట్లాడాడు గాని, ఏ లెక్కా నన్ను మళ్ళీ అడగలేదు. ఆయన పదహారో రోజున ఆయన పేరు ముందు 'పోయిన' అని మార్చింది నేనే.

అత్త తొమ్మిదేళ్ళ కిందట, ఎనభైయొకటో ఏట, కుంకుమతోనే పోయింది. ఆమె పేరు ముందు మాట మార్చడానికి నాకు అర నిమిషం పట్టలేదు. అంత తొందరగా అయిపోవడం నాకే సహించక, పెట్టెలోంచి పాత నోటుబుక్కు తీసి, ఆమె ఎర్ర పేరు మీద నల్ల సిరాతో దిద్దుతూ కూర్చున్నాను. అంచుల్లో ఎరుపు మిగిలింది. పక్కన మామ పేరు తాత రాసిన ఎరుపులోనే ఉంది. ఇక ఆ రంగు వల్ల ఎవరికీ మేలూ లేదు, కీడూ లేదు అనుకున్నాను. అయినా ముట్టుకోలేదు.

ఇది రాస్తూ ఉండగానే మేనకోడలు మళ్ళీ ఫోన్ చేసింది. ఆ కొత్త ప్రోగ్రాంలో ప్రతి పేరుకూ 'ఉన్నారు', 'లేరు' అని రెండే గడులట. ఒకటి నొక్కితేనే గాని పేరు ఎక్కదట. ఉత్త రంగు రాసి ఊరుకోవడానికి అందులో చోటు లేదట. ఏది నొక్కాలి అత్తా అని అడిగింది. లెక్క కట్టాను. ఉంటే మామకు తొంభైఎనిమిది. లేరు అనే నొక్కమన్నాను. నొక్కినట్టుంది, అటువైపు చిన్న చప్పుడు వినిపించింది. ఆ నలుపు అంచున ఏ ఎరుపూ మిగిలి ఉండదు.

నోటుబుక్కు మాత్రం తీసి చూసి, అలాగే గుడ్డలో చుట్టి పెట్టేశాను. నా తర్వాత దాన్ని తెరిచేవాళ్ళు అంత పాత పేజీలో ఒక్క ఎర్ర పేరు చూసి, ఎవరో లెక్క తప్పినారని అనుకుంటారు. అనుకోనీ.