మూడు రోజులాడిన సినిమా, ఖాసిం సాబ్

భద్రాచలం బస్సు కిటికీలోంచి ఇప్పపూల తీపివాసన ముఖానికి తగలగానే నాకు ఖాసిం సాబ్ గుర్తొస్తాడు. కొత్తగూడెంలో ఒక టాకీసులో ఆయన ఆపరేటరు. చూసిన ప్రతి సినిమా వివరం నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు ఆయనే అలవాటు చేశాడు. అందులోని మొదటి సినిమా పేరు నేడు ఏ జాబితాలోనూ లేదు. పేరున్న నటులు లేరని, పాటలు లేవని పత్రికలవాళ్లు ఒక్క వాక్యమైనా రాయలేదు. ఈ అన్యాయం మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

నాకప్పుడు పదహారేళ్లు. మా అడవి పల్లెలో పూలు రాలే ముందు ఇప్పచెట్టు కింది ఆకులను ఊడ్చి, కుప్పచేసి, దగ్గరుండి కాలుస్తారు. నేను బద్ధకించి, ఆకులకు ఉన్నచోటనే నిప్పంటించి వాగులో ఈతకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి, ఒంటరిగా బతికే ముత్తమ్మవ్వ గుడిసె బూడిదై ఉంది. ఎవరికీ కనబడకుండా కొత్తగూడెం పారిపోయి టాకీసు వరండాలో పడుకున్నాను. ఖాసిం సాబ్ ఏమీ అడగకుండా అన్నం పెట్టి, రీళ్లు చుట్టే పని చెప్పాడు.

వారానికి ఆ సినిమా వచ్చింది. తన మూలంగా స్నేహితుడు కాలు పోగొట్టుకుంటే, క్షమించమని అడగడానికి నోరు రాక, రోజూ ఆ ఇంటిదాకా వెళ్లి తిరిగివచ్చే కుర్రవాడి కథ. తెర నిండా పొగమంచు, అందులో మూసిన తలుపు. హాలంతా నీటి అడుగున ఉన్నట్టు తోచేది. మూడో రోజు మ్యాట్నీకి నేనొక్కణ్నే మిగిలాను.

"ఒక్కని కోసం ఆట ఏంది, ఆపెయ్" అన్నాడు మేనేజరు.

"టికెట్ తీసినం సాబ్. ఆడాల్సిందే" అన్నాడు ఖాసిం సాబ్.

"ఎవరు తీసిండ్రు?"

"నేనే."

"తీసేది నువ్వు, చూసేది వాడా?"

"అవ్. నాకు కథ తెల్సు."

ఆట అయ్యాక ఏడుస్తూ జరిగిందంతా ఆయనకు చెప్పాను. ఆయన రీలు వెనక్కి చుడుతూ విన్నాడు. "సినిమాల పిలగానికి తలుపు కొట్టనీకి పదకొండు రీళ్లు పట్టింది బేటా. నీకు ఆరింటికే బస్సున్నది" అన్నాడు. ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి, "చూసింది రాసుకో. మర్చిపోతె మళ్లా గదే చేస్తవ్" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్లేసరికి ముత్తమ్మవ్వ తన చెట్టు కింద పూలు ఏరుతోంది. "తగలబెట్టిన దొర వచ్చిండు" అని పక్క చెట్టు కింది నుంచి ఎవరో అన్నారు. అవ్వ చీపురు నా ముందుకు విసిరింది. "మెల్లగ ఊడ్వు, పూలు నలుగుతయ్. రేపు చీకటితోనే రా, ఎండెక్కితే వాడిపోతయ్."

ఆ ఎండాకాలమంతా ఊడ్చాను. గుడిసె మాట ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేకపోయాను. వానలు పడ్డాక కొత్తగూడెం వెళ్లి, అవ్వ క్షమించిందో లేదో తెలియడం లేదని ఖాసిం సాబ్‌తో అన్నాను.

"రోజూ రమ్మన్నది గద. ఇంకేం గావాలె నీకు" అంటూ ఆయన కొత్త రీలు ఎక్కించాడు.

ఇప్పటికీ తెల్లవారకముందే మెలకువ వస్తుంది. ఎవరో నా కోసం ఎదురుచూస్తున్నారన్న తొందరతో లేచి కూర్చుంటాను.